మా వియ్యపురాలి నంబరు

మొన్న ఖమ్మంలో షుగర్ పరీక్షకు పోయాను. ల్యాబు పిల్ల నా జబ్బకు రబ్బరు కట్టి, "పిడికిలి బిగించు అమ్మమ్మా" అంది. బిగించి, తల పక్కకు తిప్పుకున్నాను. పక్క కుర్చీలో ఒకామె తన చేతిలో దిగుతున్న సూదిని కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. అట్లా చూసే మనిషిని ఇంతకు ముందు ఒక్కర్తినే చూశాను. మా వియ్యపురాలు. నా బిడ్డకు అత్త. ఆమె పోయి కొన్నేళ్ళయింది.

ఆమె సూదికి చెయ్యి ఇచ్చే తీరే వేరు. గాజులామె గంప దించుకుని వాకిట్లో కూర్చుంటే ఆడవాళ్ళు ఎట్లా చెయ్యి చాపుతారో అట్లా చాపేది. ఒకసారి ల్యాబులో కొత్తగా చేరిన పిల్లకు నరం దొరకలేదు. రెండు చోట్ల గుచ్చింది. మూడోసారి గుచ్చడానికి జంకుతోంది. ఈమె బతిమాలుతున్నట్టు చెప్పింది.

"బుగులు పడకు బిడ్డా. నరం యాడికి పోతది? నా దగ్గరనే ఉంటది. నిమ్మళంగ ఎతుకు."

పిల్ల నవ్వింది. నరం దొరికింది.

నేను చదివింది మూడో తరగతి. రాయడం అలవాటు లేదు. మనవరాలు సగం రాసి పడేసిన నోటుబుక్కులో తెల్ల పేజీలు చాలా మిగిలాయి. అవి ఊరికే పోతాయని, వాటిలో ఈమె గురించి రాస్తున్నాను.

మాది కూసుమంచి దిక్కు. వాళ్ళది పర్ణశాల దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. ఇంటి వెనక గోదావరి నీళ్ళు అందే మిరప చేను, చేను వెనక అడవి. పెళ్ళి కుదిరిన రోజునుంచే ఆమెకూ నాకూ పొసగలేదు. నేను సబ్బు కొంటే రెండు ముక్కలు కోసి ఒక ముక్కే బయట పెడతాను. ఆమె ఇంట్లో సబ్బు దొడ్లో రాయి మీద ఎండలో నానుతూ ఉండేది. అన్నం ఎప్పుడు వండినా వచ్చేవాళ్ళకు, పోయేవాళ్ళకు కలిపి వండేది. ఎవరూ రాకపోతే దారిన పోయేవాళ్ళను పిలిచేది. నేను గిన్నె అడుగు గీకుతుంటే చూసి అందరిలో అనేది.

"మా వదినె గిన్నెను గీకుడు కాదు, గిన్నె తోలు తీస్తది. సబ్బును పుస్తె లెక్క దాస్తది."

"దాస్తేనే ఉంటది వదినె" అనేదాన్ని నేను, మూతి ముడుచుకుని.

"ఉండి ఏం చేస్తది? సబ్బు ఉన్నది రుద్దుకోనీకే గద!"

అందరూ నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఒక్క విషయంలో మాత్రం ఆమె మీద నాకు గౌరవం ఉండేది. మిరపకాయ కోతలో సాలు పట్టిందంటే ఆ వరస చివర చూడందే నడుము ఎత్తేది కాదు. చినుకు పడ్డా, చుట్టం వచ్చి గట్టు మీద నిలబడ్డా "చూద్దాం పా" అంటూ కోస్తూనే పోయేది. ఏ పనికైనా ఆమె నోట ఆ మాటే వచ్చేది. వినేవాళ్ళకు అది అవునో కాదో తెలిసేది కాదు. పని మాత్రం అయ్యేది.

ఒక చలికాలం ఆమెకు దగ్గు పట్టింది. కల్లంలో మిరపకాయ ఎండుతున్నప్పుడు దగ్గని వాళ్ళెవరు? ఘాటు అనుకున్నారు. కాయ అమ్ముడుపోయింది, కల్లం ఖాళీ అయింది, దగ్గు పోలేదు. టీబీ ఏమోనని తెమడ పరీక్ష చేశారు, కాదన్నారు. ఒకరోజు ఉమ్ములో ఎర్రజీర కనపడింది. భద్రాచలంలో ఛాతీ ఫొటో తీశారు, ఖమ్మం పంపారు, అక్కణ్ణుంచి హైదరాబాదు పెద్ద దవాఖానాకు పంపారు. అక్కడ వీపులోనుంచి సూది పెట్టి గడ్డ ముక్క తీసి చూసి చెప్పారు. ఊపిరితిత్తుల క్యాన్సరు.

డాక్టరమ్మ ఆమెను అడిగిందట, బీడీ తాగుతావా, చుట్ట తాగుతావా అని.

"అడవిల తునికాకు కోసిన గని తాగలే తల్లీ. ఆకు మేం కోసినం, పొగ మీ హైదరాబాదోళ్ళు పీల్చిన్రు."

ఇది మా అల్లుడు చెప్పాడు. ఆమె కొడుకే. ఆర్టీసీలో కండక్టరు. తల్లి మాట చెప్పి నవ్వబోయి ఏడ్చాడు.

ఈ జబ్బుకు నాలుగు మెట్లు ఉంటాయనీ, ఏ మెట్టు మీద ఉందో చూసి మందు నిర్ణయిస్తామనీ డాక్టరమ్మ చెప్పిందట. కాలేయం, ఎముకలు బాగున్నాయో లేదో తెలియడానికి రక్తం తీశారు. స్కానింగు తీశారు. మూడో మెట్టు అన్నారు. ఛాతీలోనే పాకింది, బయటికి పోలేదు. కోసి తీయడానికి వీలు కాని చోట ఉంది కాబట్టి ముందు సెలైన్లో మందు ఎక్కిస్తాం, తర్వాత మిషిన్ కింద పడుకోబెట్టి గడ్డకు కరెంటు పెడతాం అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. ప్రతిసారీ మందుకు వచ్చే ముందు ఖమ్మంలో ఒక ప్రత్యేకమైన రక్త పరీక్ష చేయించుకుని ఆ నంబరు తేవాలి, మందు పని చేస్తున్నదీ లేనిదీ దాన్నిబట్టి కొంత తెలుస్తుంది అని. ఈ మాట గది తలుపు దగ్గర, వెనక జనం తోసుకుంటుంటే, సగం ఇంగ్లీషులో చెప్పారు. అల్లుడికి అర్థమైంది రక్తం, నంబరు, ఖమ్మం.

నేను చూడపోయేసరికి ఆమె మంచం మీద కూర్చుని మునగాకు దూస్తోంది.

"వదినె, ఇన్నవా? నా ఛాతిల ఎవడో దిగిండట. కిరాయి ఇయ్యడు, ఖాళీ చెయ్యడు. మూడు మెట్లు ఎక్కి కూసున్నడట."

"నోర్ముయ్. నవ్వే మాటనా అది?"

"మరి ఏడిస్తే దిగుతడా? దిగుతనంటే చెప్పు, ఏడుస్త."

నా బిడ్డకు చంటిపిల్ల ఉంది. అందుకని నేను అక్కడే ఉండిపోయి వంటిల్లు చూసుకున్నాను.

మొదటి పరీక్ష నంబరు మూడంకెలలో వచ్చింది. ఇక్కడ మా తెలివి గురించి చెప్పాలి. ఆ అడవి అంచు ఊళ్ళలో రక్తపరీక్ష అంటే అందరికీ ఒకటే తెలుసు. చలిజ్వరం వచ్చినా, నెల తప్పినా సర్కారు దవాఖానా నర్సమ్మ రక్తం తీసి "ఒంట్లో రక్తం తక్కువుంది" అంటుంది. తొమ్మిది అంటుంది, ఎనిమిది అంటుంది. పదకొండు ఉన్న ఆడమనిషిని ఆ ఊరు చూడలేదు. అట్లాంటిది ఈమెకు మూడంకెల నంబరు! కాగితం నిండా ఇంగ్లీషు ముక్కలున్నా మేము చూసింది అంకెనే. అల్లుడి ముఖం వెలిగింది.

"అమ్మా, రక్తం మస్తుగ ఉన్నది! నువ్వు తట్టుకుంటవ్."

ఇక ఆమె ఊరుకుంటుందా? వాకిట్లో నిలబడి నీళ్ళకు పోయే ఆడవాళ్ళందరికీ చెప్పింది. "నర్సమ్మ ఇన్నేండ్లు నాకు రక్తం లేదు, లేదు అన్నది. ఎన్నడన్న మంచి మిషిన్ల చూసిందా?" సూదిమందు వేయడానికి వచ్చిన నర్సమ్మను కూడా నిలదీసింది. ఆ పిల్ల ఏమీ అర్థం కాక మందు వేసి వెళ్ళిపోయింది.

ఆ నంబరును కాపాడాలని, వీలైతే పెంచాలని ఇంటిల్లిపాదీ నడుం కట్టాం. రాగిజావ, మునగాకు పప్పు, వారానికోసారి మేక కారిజం, అదే లివరు, బెల్లంతో పల్లీలు. బీట్‌రూటు ఉడికించిన నీళ్ళు కూడా పారబోయకుండా చారు కాచాను. ఆమె ఆ చారు చూసి, "దీంట్ల చీర ముంచితే రంగు పడతది వదినె, నా కడుపుల ఎందుకు?" అనేది. తాగేది.

రెండో పరీక్షలో నంబరు దాదాపు అంతే వచ్చింది. రెండుసార్లు మందు ఎక్కించారు. తల వెంట్రుకలు దువ్వెనకు వచ్చేశాయి. మనిషి సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. మూడోసారికి ముందు ఖమ్మంలో రక్తం ఇచ్చి వచ్చాం. శాంపిలు హైదరాబాదు పోయి, ఫలితం తిరిగి రావడానికి కొన్ని రోజులు పట్టేది. అల్లుడు డ్యూటీ దిగి కాగితం తెచ్చాడు. వాకిట్లోకి వచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చున్నాడు.

నంబరు సగానికి పడిపోయింది.

"ఈసారి తక్కువ తిన్నవ్" అని నేనే ఆమెను కోప్పడ్డాను. కారిజం వారానికి రెండుసార్లు చేశాను. మూడోసారి మందు ఎక్కింది; ఆ రద్దీలో కాగితం ఫైల్లో పెట్టేసుకున్నారు తప్ప మాకెవరూ ఏమీ చెప్పలేదు. నాలుగో పరీక్షకు నంబరు రెండంకెలకు వచ్చింది. ఆ సాయంత్రం అల్లుడు నన్ను దొడ్లోకి పిలిచాడు.

"అత్తమ్మా, మందు గడ్డను తింటలేదు, అమ్మ రక్తాన్ని తాగుతుంది. ఇంక తోలుకపోను. ఉన్నన్ని రోజులు ఇంట్ల నిమ్మళంగ ఉండనీ."

మనిషిని చూస్తే అతని మాటే నిజమనిపించింది.

కబురు పాకింది. ఆ ఊళ్ళలో ఒక ఆచారం ఉంది. మనిషి ఇక దక్కదని తెలిస్తే చుట్టాలు కన్నీళ్ళతో వట్టిచేతుల రారు. ఆ మనిషికి ఇష్టమైన కూర ఏదో గుర్తు పెట్టుకుని, వండి, మూత పెట్టి తెస్తారు. కోరిక మిగలకూడదని. నోటితో ఎవరూ చెప్పరు. గిన్నె రావడం మొదలైందంటే అర్థం అదే. ఒకరు గోదావరి చేప పులుసు తెచ్చారు. ఒకరు వెదురు కొమ్ముల కూర తెచ్చారు. గారెలు వచ్చాయి, బూరెలు వచ్చాయి. ఎవరు తినాలి ఇదంతా? నాకు ప్రాణం పోయినట్టుండేది. ఎండబెట్టగలిగింది ఎండబెట్టాను, మిగిలింది పంచాను.

ఆమె ప్రతి గిన్నె మూత తీసి చూసేది. ఒక ముక్క నోట్లో వేసుకునేది. "పులుసుల మెంతులు ఎక్కువైనయ్ బిడ్డా" అని తెచ్చిన ఆమెకు చెప్పేది. వాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. గిన్నెలు ఎందుకు వస్తున్నాయో ఆమెకు తెలియదా? తానే ఎంతమందికి మోసిందో.

ఒక పొద్దున కొడుకును పిలిచింది.

"మందు ఇంకెన్నిసార్లు ఉండె?"

"రెండుసార్లమ్మా. తర్వాత కరెంటు."

"మరి పోదాం."

"వద్దమ్మా. నీ రక్తం చూసినవా, ఎట్ల పడిపోతున్నదో?"

"రక్తం పడితే పడనీ. రెండు మొక్కలున్నయని సాలు ఇడిచిపెట్టి ఎన్నడన్న గట్టెక్కిన్నా నేను?"

"ఇది మిరపతోట కాదమ్మా!"

"నాకు ఎరికైంది అదే బిడ్డా. వేరేది రాదు." నా వైపు తిరిగింది. "వదినె, నువ్వొస్తవా?"

నాకు హైదరాబాదు అంటే గిట్టదు. అయినా ఈసారి ఊరుకోదలచుకోలేదు. అంత కారిజం, అంత రాగులు పోసి మేము పెంచుతుంటే అక్కడ సీసాల్లో పెట్టి తగ్గిస్తున్నారు! "వస్త. ఆ డాక్టరమ్మను మొఖం మీద అడుగుత" అన్నాను. పులిహోర కట్టుకున్నాను, సీసాలో నీళ్ళు నింపుకున్నాను. అల్లుడు తల్లిని ఒంటరిగా వదలలేక తానూ వచ్చాడు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ముందు ఆమెను ఛాతీ ఫొటోకు పంపింది. మేము తిరిగి గదిలోకి వచ్చేసరికి పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన వెలుగు పెట్టె మీద పెట్టుకుని చూస్తోంది. ఖమ్మం కాగితాలు చేతిలోకి తీసుకుంది. నేను ఇక ఆగలేదు.

"డాక్టరమ్మా, మాకు చదువు రాదు గని కండ్లున్నయ్. మీ మందు మా వదినె రక్తం తాగుతుంది. మొదలు ఎంతుండె, ఇప్పుడు ఎంతకొచ్చె? ఇంక సున్నా దాకా తెస్తరా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. కాగితం వైపు చూసింది. అల్లుడి ముఖం చూసింది. అప్పుడు ఆమెకు తెలిసింది.

"ఇది ఒంట్లో రక్తం ఎంతుందో చెప్పే పరీక్ష అనుకున్నారా?"

"మరి?"

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "అమ్మా, ఆ గడ్డ ఊరికే కూర్చోదు. ఒక పదార్థాన్ని రక్తంలోకి వదులుతూ ఉంటుంది. ఆ పదార్థం ఎంతుందో ఈ నంబరు చెప్తుంది. గడ్డ బలిస్తే సాధారణంగా నంబరు పెరుగుతుంది, కరిగితే తగ్గుతుంది. ఇది పడిపోవాలనే కదా మనం మందు ఇస్తున్నది! ఈ ఒక్క నంబరునే నమ్ముకోం, ఫొటో కూడా చూస్తాం. ఇటు చూడండి."

పాత ఫొటోలో పిడికిలంత తెల్లటి ముద్ద ఉంది. కొత్తదాంట్లో నిమ్మకాయంత ఉంది. చదువు రాని నాకూ కనపడింది.

అల్లుడు గోడకు ఆనుకున్నాడు. "మేడం, మేం ఆపేద్దామనుకున్నం. ఇంక రావొద్దనుకున్నం."

డాక్టరమ్మ ఉలిక్కిపడింది. "ఇంత బాగా పని చేస్తున్నప్పుడా? ఇప్పుడు ఆపి ఉంటే..." అని ఆ మాట పూర్తి చేయలేదు. నేను అడగాల్సింది అడిగాను.

"మరి మేం పెట్టిన కారిజం, జావ అంత ఊరికే పోయినట్టేనా?"

"లేదమ్మా! ఒంట్లో రక్తం లెక్క వేరే కాగితంలో ఉంది. అది కొంచెం తక్కువే ఉంది, కానీ మందు తట్టుకునేంత ఉంది. మీ తిండి దానికి పనికొచ్చింది. మానకండి."

నా ఊపిరి కుదుటపడింది. మా వియ్యపురాలు కాగితాన్ని తన ఒళ్ళోకి తీసుకుని, చదవడం రాకపోయినా ఆ అంకె మీద వేలు పెట్టి చూస్తూ కూర్చుంది.

"అంటే తల్లీ, వాడు సామాన్లు సర్దుతుండా?"

డాక్టరమ్మకు ఈ కిరాయిదారు కథ అప్పటికే తెలుసు. "సగం పైన బయట పెట్టేశాడు. మిగిలింది కూడా మనం పెట్టించాలి."

"మిర్చి వేసిన కాడినుంచి రేటు పెరగాలె, పెరగాలె అనే మొక్కిన. పడిపోతే సంబురపడుడు జిందగీల ఇదే మొదలు!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏదో గుర్తొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "వదినె! మొదటిసారి గంత ఎక్కువొస్తే ఊరంత చెప్పుకున్న గదనే! నర్సమ్మతోని కొట్లాడిన గదనే!"

నేనూ నవ్వాను. దవాఖానాలో అంత గట్టిగా నవ్వినందుకు బయటున్న నర్సు తలుపు తీసి చూసింది.

మందు ఎక్కించుకుని ఇంటికి తిరిగొచ్చాం. ఆటో వాకిట్లో ఆగేసరికి ఆమె ఆడబిడ్డ అరుగు మీద గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. వయసులో ఈమెకన్నా చిన్నది, ఏడుపులో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు. అల్లుడి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అది సంతోషంతో ఏడ్చిన ఉబ్బు అని ఆమెకేం తెలుసు?

"ఏమన్నరు వదినె? ఏమన్నరు?"

మా వియ్యపురాలు ఆటో దిగి, కొంగు నడుముకు దోపుకుని, ముఖం ముడుచుకుని చెప్పింది. "నంబరు మస్తు పడిపోయింది పిల్లా."

ఆడబిడ్డ గుండె మీద చెయ్యి వేసుకుని శోకం ఎత్తుకుంది. ఓ నా వదినె, కోరిన కూర వండిపెట్టిన నా వదినె, పురిటికి తీసుకొచ్చి తల్లిలెక్క సాకిన నా వదినె అని రాగం తీసింది. ఈమె అరుగు మీద ఆమె పక్కనే కూర్చుని, తల ఊపుతూ వింది. నేను ఆపబోతే చేత్తో వద్దంది.

"ఇంక చెప్పు పిల్లా. మంచిగున్నది. చీర పెట్టింది చెప్పకపోతివి."

ఆడబిడ్డ రాగం మధ్యలో ఆగింది. కళ్ళు తుడుచుకుని చూసింది. ఏడ్వాల్సిన మనిషి నవ్వుతోంది, వెనక అల్లుడు నవ్వుతున్నాడు, గడపలో నా బిడ్డ పిల్లను చంకలో వేసుకుని ఏడుస్తూ నవ్వుతోంది.

"పడిపోతే మంచిదంటనే! అది గడ్డ నంబరంట. గడ్డ కరుగుతున్నది."

ఆడబిడ్డకు అర్థం కావడానికి అల్లుడు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"మరి సస్తున్నవని కబురెందుకు పంపిన్రే? నా కోడిని కోయించిన్రు గదనే! పొద్దుకొక గుడ్డు పెట్టేది. నీ ఆఖరి కోరికని, ఏడ్సుకుంట కోసిన!"

వాకిట్లోకి వచ్చిన ఇరుగుపొరుగు పడీ పడీ నవ్వారు. మా వియ్యపురాలు గిన్నె మూత తీసింది. మూతికి ఆవిరి తగిలింది. నెలల తర్వాత ఆమె ఆకలిగా చూడడం అప్పుడే చూశాను. నన్ను విస్తర్లు తెమ్మంది. వాకిట్లో ఉన్నవాళ్ళందరినీ కూర్చోబెట్టింది. అన్నం సరిపోదని నేను గొణుగుతుంటే "మల్ల వండు వదినె" అంది. వండాను. ఆ రోజు గిన్నె అడుగు గీకే పని నాకు రాలేదు.

తింటూ తింటూ ఆడబిడ్డ వైపు చూసి అంది.

"ఏడ్వకు పిల్లా. వచ్చే ఏడు నేనే పెట్టను సాకి ఇస్త."

నా చేతిలో గరిటె ఆగింది. జబ్బు తెలిసిన దగ్గరనుంచి ఆ ఇంట్లో ఎవరూ వచ్చే ఏడు అనే మాట ఎత్తలేదు. పిల్ల పుట్టువెంట్రుకలు తీయించే మాట కూడా ఎత్తలేదు. ఆమె ఎముక నోట్లో పెట్టుకుని, లెక్క లేకుండా అనేసింది. అల్లుడు తలవంచుకుని అన్నం కలుపుతూనే ఉండిపోయాడు.

మిగిలిన మందు ఎక్కించారు, కరెంటు పెట్టారు. ఒళ్ళు కాలింది, గొంతు పుండు పడింది, జావ కూడా దిగని రోజులున్నాయి. "చూద్దాం పా" అంటూ దాటింది. ఆఖరుకు నంబరు బాగున్న మనుషులకు ఉండేంతకు దిగింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఖమ్మంలో రక్తం ఇస్తూనే వచ్చింది. నంబరు మళ్ళీ ఎక్కలేదు. ఎన్నో మిరప పంటలు చూసింది. పోయినప్పుడు కూడా ఆ జబ్బుతో పోలేదు, వయసుతో పోయింది.

కోడి ఇస్తానన్న మరుసటి ఏడు కూడా నేను అక్కడే ఉన్నాను. మా వియ్యపురాలు నల్లటి పెట్టను చంకలో పెట్టుకుని, ఆడబిడ్డ ఊరిదాకా తానే నడిచింది. ఆటో ఎక్కుదామంటే వినలేదు, నా కోసం కూడా ఆగలేదు. ఆడబిడ్డ కోడిని తిప్పి తిప్పి చూసి, నమ్మకం లేనట్టు ముఖం పెట్టింది.

"ఇది గుడ్లు పెడతదా వదినె?"

"పెట్టకుంటే చెప్పు పిల్లా. పైయేడు ఇంకోటి తెస్త."